లేత ఆకుపచ్చ పొడి

"అక్కా, ఇలా రా! చెయ్యి తర్వాత కడుక్కుందువుగాని, ముందు రా!"

బూజమ్మ అలా అరిచేసరికి ఏదో కొంప మునిగిందనుకున్నారు అందరూ. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. గాజు పళ్ళేల్లో ఫంగస్ పెంచి, కొత్తగా తయారైన మందులు దానిమీద పనిచేస్తాయో లేదో చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. అందుకే ల్యాబులో ఆవిడకి ఆ పేరు. ఆవిడా ఏమీ అనుకోకుండా పలుకుతుంది. ఆ మందులు తయారుచేసే కెమిస్టు అక్క. ఒక్క తమ్ముడికే కాదు, ల్యాబు నడిపే సారు తప్ప అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే.

అక్క చేతిలోని ఫ్లాస్కును స్టాండుకి బిగించి పరుగున వెళ్ళింది. బూజమ్మ పళ్ళేన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉంది. పళ్ళెం నిండా బూడిదరంగు కలిసిన పచ్చటి బూజు దుప్పటిలా పరుచుకుంది. మధ్యమధ్య చిన్న కాగితపు బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో మందు చుక్క. అన్ని బిళ్ళల మీదకీ బూజు నిక్షేపంగా పాకేసింది. ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం నాణెమంత మేర కడిగి తుడిచినట్టు ఖాళీగా ఉంది.

"ఏదిది?"

"ఆకుపచ్చ మూత సీసాలోది. పోయినవారం ఇచ్చావే, ఆ లేత ఆకుపచ్చ పొడి."

అక్క స్టూలు లాక్కుని కూలబడింది. ఎందుకంటే ఆ పళ్ళెంలోది ఊరూ పేరూ లేని బూజు కాదు, ఆమె తమ్ముడి ఊపిరితిత్తిలోది. ఎప్పుడో వచ్చి తగ్గిన క్షయ అక్కడో గుంట వదిలిపెట్టి పోతే, ఆ గుంటలో కాపురం పెట్టింది. వాడి కళ్ళె పరీక్ష చేసిన ఆస్పత్రిలో బూజమ్మకి తెలిసినావిడ ఉంటే, ఆవిడ కాళ్ళావేళ్ళా పడి కాస్త తెప్పించారు. సారుకి చెప్పలేదు. చెప్తే ఒప్పుకోడు.

"వాడిదేనా? పళ్ళేలేమైనా మారిపోయాయేమో!"

"బాగుంది. నా పిల్లల్ని నేను గుర్తుపట్టనా?" అంది బూజమ్మ.

అక్క పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ముక్కు ఎగబీల్చింది. బూజమ్మ చూడనట్టు అటు తిరిగి, పళ్ళేన్ని పసిపాపని పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది.

*

ఆ సాయంత్రం ఆస్పత్రిలో, దిండుకి ఆనుకుని కూర్చున్న తమ్ముడు ఆమెని చూడగానే, "వచ్చిందండీ ఉంగరాలమ్మ!" అన్నాడు. ఆ ఒక్క మాటకే దగ్గు తెర వచ్చింది. పక్కనున్న మరదలు వాడి వీపు మీద చెయ్యి వేసి, తెర తగ్గేదాకా తీయలేదు. ఆమె మోచేతుల దాకా గులాబీ ముళ్ళు గీసుకున్న చారలున్నాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ పనిచేసేది ఒకే పూలతోటలో. ఆమె కొమ్మలు కత్తిరిస్తుంది, వాడు గాజు షెడ్లలో మందు కొడతాడు.

ఉంగరాలమ్మ అన్న పేరు వాడు పెట్టిందే. నువ్వు చేసే పనేమిటే అక్కా అని అడిగితే, ఒకసారి అగ్గిపుల్లలు పేర్చి చూపించింది. అయిదు మూలల ఉంగరం. రెండు మూలల్లో కార్బన్, మూడు మూలల్లో నైట్రోజన్. బూజు తన ఒంటి చుట్టూ పొర కట్టుకోవాలంటే లోపల ఒక పనిముట్టు కావాలి. ఈ ఉంగరంలోని నైట్రోజన్ పోయి ఆ పనిముట్టుని గట్టిగా పట్టేసుకుంటుంది. ఇక పొర లేదు, బూజూ లేదు.

"బంగారంతో చెయ్యకూడదా వదినా, ఒకటి నేనూ పెట్టుకుందును," అంది ఆ రోజు మరదలు. ఇప్పుడు ఆమెకి హాస్యాలాడే ఓపిక లేదు.

డాక్టరమ్మ వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. మాత్రలు పనిచేయలేదు. వాటికి బదులు రక్తంలోకి ఎక్కించిన మందు బూజుని కాస్త అదిలించింది గానీ, వాడి కిడ్నీలని పిండేసింది. దాన్ని ఆపేశారు. ఇక మిగిలింది ఆపరేషనే.

"మాత్రలు ఎందుకు పనిచేయలేదు మేడమ్?" అని అడిగాడు తమ్ముడు, తనది కాని జబ్బు గురించి అడిగినట్టు.

"మీ తోటలో పూలకి కొట్టేదీ, మేమిచ్చిన మాత్రలూ ఒకే కుటుంబం. మీ అక్కగారు చేసే ఉంగరాలే. అక్కడి బూజు వాటికి ఎప్పుడో రాటుదేలిపోయింది. అదే మీలోకి వచ్చింది."

తమ్ముడు తల ఊపాడు. "అయితే దానికి చదువు చెప్పి పంపింది నేనేనన్నమాట. గులాబీలు మాత్రం నవనవలాడుతున్నాయి లెండి."

ఎవరూ నవ్వలేదు. అక్కకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. పువ్వుకి మచ్చ పడకూడదని పొద్దస్తమానం కొట్టించారు. మనిషికి పనికొచ్చే మందుని పువ్వు మీద తగలేసి, తీరా మనిషికి కావలసొచ్చేసరికి చేతులెత్తేశారు. ఎవరిని పట్టుకుని కడిగెయ్యాలో తెలియక పళ్ళు కొరుక్కుంది.

"ఎల్లుండి పొద్దున సర్జన్ ఉంటారు. పై భాగం వరకూ తీసేస్తే చాలు," అంది డాక్టరమ్మ. "ప్రమాదం లేదని అనను. కానీ ఆలస్యం చేస్తే అది కిందికి పాకుతుంది. ఆలోచించుకోండి."

ఆవిడ అలా వెళ్ళగానే అక్క మంచం మీదకి వంగి, గొంతు తగ్గించి మొత్తం చెప్పింది. పళ్ళెం, బిళ్ళ, ఖాళీ. ఇది పాత ఉంగరం కాదు, దీనికి తోక వేరు, ఈ బూజు దీని మొహం ఎన్నడూ చూడలేదు.

"కాస్త ఆగండి. ఎక్కువ మొత్తంలో మళ్ళీ చేస్తాను. నేనే తెచ్చి ఇస్తాను."

ఎలుక నోట్లో కూడా పెట్టని మందు అది. ఆ సంగతి ఆమెకి తెలియనిదా? ఇంకొకరు ఈ మాట అంటే చెంప పగలగొట్టేది. అన్నీ తెలిసి, కళ్ళు తెరుచుకునే అంది.

"డాక్టరమ్మ చెప్పినట్టు విందాం వదినా," అంది మరదలు నెమ్మదిగా. "కోసి తీసేస్తామంటున్నారు కదా. ఉన్నదేదో పోతుంది."

"నీకు తెలీదు, నువ్వూరుకో."

మరదలు మొగుడి వైపు చూసింది. వాడు ఆ చూపుని తప్పించుకోలేదు. పెళ్ళాం చేతిని తన చేతిలోకి తీసుకుని, ముళ్ళ గీతల మీద బొటనవేలితో రాస్తూ, "అక్క ఆగమంటోందిగా. ఆగుదాం," అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నుంచి అక్కకి వేరే లోకం లేదు. ఉంగరం చెయ్యాలంటే రెండు ముక్కలు కావాలి. ఒకదాని చివర మూడు నైట్రోజన్లు, రెండోదాని చివర రెండు కార్బన్లు. ఊరికే కలిపితే అవి ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. కాస్త రాగి ఉప్పు వేస్తే చాలు, ఎన్నాళ్ళ స్నేహమో అన్నట్టు చేతులు కలిపేస్తాయి. రాగి పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది, జత కుదిర్చాక దాన్ని సాగనంపాలి. అందుకే అమ్మోనియా నీళ్ళతో కడగడం. నీళ్ళు నీలంగా దిగినంతసేపూ కడుగుతూనే ఉండాలి.

ఈసారి తీరుబడిగా కడిగింది. గాజు గరాటా బిగించి, తిరగేసి, ఊపి, కొళాయి తిప్పి గాలి వదిలి, మళ్ళీ నిలబెట్టింది. అడుగున నీళ్ళు చేరాయి, నెమలి మెడ రంగులో. వాటిని వదిలేసి మళ్ళీ పోసింది. నీలం పలచబడింది, ఇంకా పలచబడింది, చివరికి మామూలు నీళ్ళు దిగాయి. చేతి తొడుగుల్లో వేళ్ళు నానిపోయాయి. మందు కరిగి ఉన్న ద్రావకం ఆవిరైపోయాక గుండ్రటి ఫ్లాస్కు గోడల మీద పొడి అంటుకుంది. గరిటెతో గీకి గాజుపలక మీద పోసింది. పాలలా తెల్లగా ఉంది.

"అబ్బ, ఎంత శుభ్రంగా వచ్చిందో!" అనుకుంది పైకే.

సారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. పొడుగాటి మనిషి, మాట్లాడేటప్పుడు కళ్ళజోడు తీసి చేతిలో ఆడిస్తాడు. పళ్ళెం ఫోటో ఆయన దాకా పోయింది. అది ఎవరి బూజో మాత్రం పోలేదు.

"శభాష్! మందు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు ఈ వారమే వస్తున్నారు. ఆ ఫోటో చూపిస్తే నోరు తెరుచుకుని ఉండిపోతారు చూడు." వెళ్ళబోతూ ఆగి, "తెల్లగా ఉందేం? మొన్నటిది రంగుగా ఉందన్నారు?" అన్నాడు.

"ఇంకాస్త బాగా కడిగాను సార్," అంది అక్క. ఆ మాట తన నోటితోనే అంది. అప్పటికి ఏమీ తట్టలేదు.

బూజమ్మ కొత్త పళ్ళెం పెట్టింది. బూజు పెరగాలంటే దాని సమయం దానికి కావాలి, దాని ముందు ఎవరి తొందరా చెల్లదు. సర్జన్ వచ్చే పొద్దు వచ్చింది, పోయింది. తమ్ముడికి జ్వరం ఎక్కువైందని మరదలు ఫోను చేసింది. "ఇంకొక్కరోజు," అంది అక్క. అవతల మరదలు ఏమీ అనలేదు. అలాగని ఫోను పెట్టెయ్యనూ లేదు.

ఆ మర్నాడు బూజమ్మ కేకెయ్యలేదు. తనే నడిచి వచ్చి, పళ్ళెం బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

పళ్ళెం నిండా బూజు. తెల్ల పొడి వేసిన బిళ్ళని వెతుక్కోవాల్సి వచ్చింది. దాని మీద ఎక్కి, దట్టంగా, హాయిగా పెరిగింది.

"రెండు పళ్ళేల్లో పెట్టాను అక్కా. ఎక్కువ మోతాదు కూడా వేసి చూశా. ఆకుపచ్చదేమో పక్క పళ్ళెంలో మళ్ళీ చంపింది. ఇదేమో..." బూజమ్మ నీళ్ళు నమిలింది.

ఒకే ముక్కలు, ఒకే ఉంగరం, ఒకే చెయ్యి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి తెలుపు. అక్క రెండు సీసాలనీ పక్కపక్కన పెట్టి చూసింది. ఆకుపచ్చది చేసిన రోజు కళ్ళ ముందుకి వచ్చింది. అప్పుడు గరాటా చేతిలోనే ఉంది, మొదటిసారి కడిగిన నీళ్ళు ఇంకా వదల్లేదు. ఫోను మోగింది. వాడి దగ్గులో రక్తం పడిందని మరదలు ఏడుస్తోంది. పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్ళు వదిలేసి, ద్రావకాన్ని ఆవిరి చెయ్యమని పక్కబల్ల కుర్రదానికి అప్పజెప్పి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పొడి తయారుగా ఉంది. లేత ఆకుపచ్చగా, ముద్దొచ్చేలా ఉంది. దాని రంగే అంతేమో అనుకుంది. ఎందుకనుకోదు, అనుకోవాలని ఉంది కాబట్టి!

లేచి గరిటె చివరన ఆకుపచ్చ పొడి చిటికెడు తీసి పరీక్షనాళికలో వేసింది. పైనుంచి అమ్మోనియా పోసింది.

నాళిక మొత్తం ముదురు నీలం అయిపోయింది.

"రాగి," అంది బూజమ్మ.

"రాగే. నా ఉంగరం కాదు, ఏమీ కాదు. పళ్ళెంలో రాగి పైసా పడేసినా చచ్చేది ఆ బూజు." అక్క గొంతు పిచ్చిదాని గొంతులా ఉంది. "దీన్ని వాడికి పెడదామనుకున్నాను. తెలుసా నీకు? నా చేత్తో, నీళ్ళలో కలిపి, వాడి రక్తంలోకి."

బూజమ్మ నాళికని ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకోబోయింది. అక్క ఇవ్వలేదు.

*

సారు నాళికని చూశాడు. కెమిస్టే కాబట్టి ఒక్క మాట కూడా వివరించక్కర్లేకపోయింది. లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"బూజమ్మకి."

"సరే. ఇప్పుడే గోల చెయ్యకు. కొత్త బ్యాచ్‌లోనే ఏదో పొరపాటు జరిగిందేమో. మళ్ళీ చెయ్యి. నిదానంగా చెయ్యి. వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఆ రాగి సంగతి మనం వెతకలేదు, అంతే. అబద్ధం చెప్పమనడం లేదు నిన్ను."

విచిత్రమేమిటంటే, ఆ మాటలు అక్క చెవికి తీయగా వినిపించాయి. మళ్ళీ చెయ్యి. పొరపాటు రెండోదానిలో ఉండొచ్చు. ఇంకో రెండు రోజులు ఆశ పెట్టుకోవచ్చు. మొహమ్మీద పొగిడితే సిగ్గుపడినట్టు తల వంచుకుని నిలబడింది. అలాగే సార్ అనడానికి నోరు తెరిచింది కూడా.

"అది నా తమ్ముడి బూజు సార్," అన్న మాట వచ్చింది నోట్లోంచి.

ఆయన ఆడిస్తున్న కళ్ళజోడు ఆగింది.

"ఆపరేషన్ వద్దని ఆపించాను. దీన్ని నమ్ముకుని. మీకు వారం ఆగడం ఒక లెక్క కాదు. నేను ఆగానంటే వాడు పోతాడు."

సారు కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు. "ఈ మాట నాకు ముందే చెప్పాల్సింది," అన్నాడు. అది కోపమో జాలో ఆయనకే తెలిసినట్టు లేదు. అక్క నీలం నాళికని ఆయన బల్ల మీద, పళ్ళెం ఫోటో పక్కన నిలబెట్టి, కోటైనా విప్పకుండా బయటికి నడిచింది.

*

తమ్ముడి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. రెండు రోజుల్లో మొహం పీక్కుపోయి, కళ్ళు మాత్రమే మిగిలాయి. ఆ కళ్ళు ఆమె కోటు జేబు వైపు పోయాయి.

"తెచ్చావా?"

దారి పొడుగునా ఏవేవో మాటలు పేర్చుకుంది. ఒక్కటీ గుర్తులేదు.

"లేదురా. అది పనిచేయదు. నేను సరిగ్గా కడగలేదు. రాగి మిగిలిపోయింది, అదే బూజుని చంపింది. నా మందు కాదు. నా దగ్గర ఏ మందూ లేదు." ఒక్క ఊపిరిలో అనేసి, మంచం అంచు పట్టుకుంది. "నేనే ఆపాను నిన్ను. నేనే."

ఆక్సిజన్ బుసబుసమంటోంది.

"చిన్నప్పుడు నాకు మందు పట్టేదానివి, గుర్తుందా?" అన్నాడు మాటమాటకీ ఆగుతూ. "తియ్యగా ఉంటుందిరా, తాగరా అనేదానివి. ఒక్కసారైనా తియ్యగా ఉందా అది?"

"లేదు."

"నాకు అప్పుడూ తెలుసు. అయినా తాగేవాణ్ణి. నువ్వు గిన్నె పట్టుకుని అలా చూస్తుంటే, కాదనాలంటే మనసొప్పేది కాదు." వాడు కాస్త నవ్వాడు. "మొన్న కూడా అంతే. పళ్ళెం, బిళ్ళ అంటూ చెప్తుంటే నీ మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళయిందో నిన్నలా చూసి. రెండు రోజులే కదా, ఆగితే ఏం పోతుందిలే అనుకున్నా."

"నమ్మలేదా నువ్వు?"

"నా తోటలో ఎన్ని కొత్త మందులు కొట్టానే అక్కా! మొదటిరోజు అన్నీ పనిచేస్తాయి."

అక్క తను వాడికి ఆశ ఇస్తున్నాననుకుంది. వాడు తనకి ఇచ్చాడు. అదీ, తన ఊపిరి కోసి ఇచ్చాడు. మరదలు అవతలి వైపు గోడకి ఆనుకుని నిలబడి, కిందికి చూస్తోంది. ఆమెకీ తెలుసన్నమాట. ఆ రోజు వాడు ఆమె ముళ్ళ గీతల మీద వేలితో రాసింది, ఊరుకోవే అని బతిమాలుకోవడానికి.

"మేడమ్‌ని పిలువు," అన్నాడు తమ్ముడు పెళ్ళాంతో. "కోయించుకుంటానని చెప్పు."

డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే ఫిల్ము తీయించింది. దాన్ని వెలుగుతున్న పలక మీద పెట్టి, పాతదాని పక్కన నిలబెట్టింది. వివరించడానికి ఆవిడ వేలు ఎత్తక ముందే అక్క చూసేసింది. మొన్న పైన మాత్రమే ఉన్న తెల్లటి మచ్చ ఇప్పుడు కింది దాకా దిగింది.

"అప్పుడైతే పై భాగం తీస్తే సరిపోయేది," అంది డాక్టరమ్మ. ఆవిడ ఎవరినీ నిందించడం లేదు. ఉన్న మాట చెప్తోంది, అంతే. "ఇప్పుడు ఆ పక్క ఊపిరితిత్తి మొత్తం తీసెయ్యాలి. ఈ ఒంట్లో తట్టుకునే శక్తి ఎంతుందో నేను చెప్పలేను. సంతకం ఎవరు పెడతారు?"

అక్క చెయ్యి అలవాటుగా ముందుకి పోయింది. మధ్యలోనే వెనక్కి తీసుకుంది. మరదలు పెన్ను అందుకుని సంతకం పెట్టింది, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి.

పొద్దున్నే తీసుకెళ్ళారు. స్ట్రెచర్ తలుపు దాటేముందు తమ్ముడు చెయ్యి ఊపబోయాడు గానీ, చెయ్యి దుప్పటి కిందే ఉండిపోయింది. తలుపులు రెండు వైపులనుంచీ వచ్చి మూసుకున్నాయి.

వరండాలో పొడుగాటి బెంచీ. ఆ చివర మరదలు కూర్చుంది. అక్క ఈ చివర నిలబడే ఉంది. జేబులో ఫోను ఒకసారి మోగింది, సారు. తీయలేదు. ఎంతసేపని నిలబడుతుంది, కాళ్ళు పీకుతున్నాయి. అయినా కూర్చునే ధైర్యం లేదు.

"ఏదో ఒకటి అను," అంది చివరికి. "ఊరుకోమని నీ నోరు నొక్కాను. వాడి ఊపిరితిత్తి మొత్తం పోవడానికి నేనే కారణం. తిట్టు నన్ను. కొట్టినా పడతాను. ఇలా మాట్లాడకుండా మాత్రం కూర్చోకు."

మరదలు తలెత్తింది. కళ్ళు ఎర్రగా, పొడిగా ఉన్నాయి. పక్కనున్న సంచీని తీసి ఒళ్ళో పెట్టుకుని, బెంచీ మీద చోటు చేసింది.

"తిడతాను వదినా. తిట్టకుండా వదుల్తానా నిన్ను? కడుపులో ఎన్ని దాచుకున్నానో నాకే తెలుసు. కానీ ఇప్పుడు కాదు. ముందు ఆయన్ని బయటికి రానీ. ఆయన వింటుండగా తిడతాను."

అక్క ఆమె పక్కన కూర్చుంది. ఆ తిట్లు తినే రోజు రావాలని, మరదలు నోరారా తిడుతుంటే వాడు మధ్యలో అడ్డం పడి ఇక చాల్లేవే అనాలని, కళ్ళార్పకుండా ఆ తలుపు వైపు చూస్తూ కూర్చుంది.